రెండు మిల్లీమీటర్లు పక్కకు

సోమవారం

ఇవాళ జెల్ కాచాను. చన్నీళ్లలో జెలటిన్ పొడి నానబెట్టి, సన్నని సెగ మీద కరిగించి, చేయి పట్టేంత చల్లారాక మందు కలిపాను. గాలి తగిలితే ఆ మందు పనిచేయదు. అందుకని సీసాను అంచుదాకా నింపి, ఒక్క బుడగైనా మిగలకుండా మూత బిగించి, చీకట్లో, చల్లని చోట పెట్టాలి. మా ఆస్పత్రి ఉన్న నాలుగో లెవెల్‌లో చీకటికి కొదవ లేదు. చల్లదనమే కష్టం. ఎండకాలం వచ్చిందంటే మా ఎర్రమిట్ట బాయిలో, ఈ పాత బొగ్గు గనిలో, ఉన్న కరెంటు గాలి పంకాలకే చాలదు. ఆస్పత్రికి ఒక్క ఫ్రిజ్ వదిలారు. పై అర టీకాలది, కింది అర నాది.

పైకి వెళ్లే తలుపులు మొన్ననే మూశారు. వానలు పడేదాకా మనుషులు, మేకలు, కూరగాయల మళ్లు అన్నీ భూమి కిందే. మా అమ్మమ్మ వాళ్లు ఎండకు తాళలేక మొదటిసారి దిగినప్పుడు గోడల నుంచి ఇంకా బొగ్గు రాలుతుండేదట. ఇప్పుడు గోడలకు సున్నం, నడవల్లో దీపాలు, ఒక బడి, ఒక బజారు. బొగ్గు తవ్వడం ఎప్పుడో మానేశాం. తవ్వకుండా వదిలేసిన బొగ్గు స్తంభాలే మా కప్పును మోస్తున్నాయి.

మధ్యాహ్నం ఓదెమ్మ వచ్చింది. బాయిలో కేజ్ నడిపేది ఆమే. లెవెళ్ల మధ్య మనుషులను, సరుకులను ఎక్కించి దించే ఆ ఇనుప గదిని మొదటి లెవెల్‌లోని ఇంజన్ గదిలో కూర్చుని, బ్రేకు మీద చేయి వేసి, ఇరవై ఏళ్లకు పైగా నడుపుతోంది. ఆమె మెడలో వెన్నుపామును ఆనుకుని గడ్డ లేచింది. రేడియేషన్ ఇవ్వడం మొదలుపెట్టి ఇది మూడో వారం. గడ్డ మీద మోతాదు పూర్తిగా పడాలి. దాని పక్కనే చిటికెన వేలంత మందాన ఉన్న వెన్నుపాము మీద ఎక్కువ పడకూడదు. పడితే చేతులు పోతాయి.

నా బల్ల మీది సీసాను చూసి, "ఏం వండుతున్నవ్ చెల్లె?" అంది.

"నీ కోసమే అక్కా. నీకు పెట్టేది ముందు దీనికి పెట్టి చూస్తం."

"జున్ను లెక్కున్నది. తినొచ్చా?"

"తింటే నా మంచం మీద ఇంకో వారం ఎక్కువ పండాల్సి వస్తది."

నవ్వుతూనే పడుకుంది. తల కదలకుండా ముఖానికి జాలీ తొడుగు బిగించాక ఇక నవ్వడానికి వీల్లేదు.

బుధవారం

నిన్న సీసాకు రేడియేషన్ ఇచ్చి, ఈ రోజు ఎమ్మారైలో పెట్టాను.

రేడియేషన్ తగిలిన చోట ఈ జెల్ పాలలా తెల్లబడుతుంది. ఎంత తగిలితే అంత చిక్కన. ఒక రాత్రి కుదురుకోనిచ్చి ఎమ్మారై తీస్తే, లోపల ఎక్కడ ఎంత పడిందో పొరపొరగా కనిపిస్తుంది. రోగిని ఎలా పడుకోబెడతామో సీసానూ అలాగే పెడతాను. రెండు గోడల నుంచి, కప్పు నుంచి వచ్చే పచ్చని లేజర్ గీతలు కలిసే చోటే దాని నడుమ ఉండాలి. రోగికి వేసుకున్న ప్లానే దాని మీదా నడుపుతాను. మనిషి లోపలికి తొంగి చూడలేం కాబట్టి ఇందులో చూస్తాను.

ఓదెమ్మ ప్లాన్‌కు తెల్లటి ఆకారం సరిగ్గా వచ్చింది. చిక్కదనమూ సరిపోయింది. కానీ ఆకారం మొత్తం రెండు మిల్లీమీటర్లు ఎడమ గోడ వైపు జరిగి ఉంది.

మోతాదులు లెక్కగట్టే కంప్యూటర్‌ను మేం ప్లానర్ అంటాం. ఫలితం దానికి చూపించాను. "జెల్ చెడిపోయింది. పారబోయండి. యంత్రం రోజువారీ పరీక్ష నెగ్గింది," అని వచ్చింది.

దాని మాట కొట్టిపారేయలేను. జెల్ చెడడం నాకు కొత్తేం కాదు. మూత వదులైనా, ఫ్రిజ్ ఒక పూట ఆగినా చెడుతుంది. చాలా బాయిల్లో ఈ పని మానేశారు కూడా, ప్లానర్ ఉండగా ఇది ఎందుకని. యంత్రం చేతికున్న ఎక్స్‌రే పలక పనిచేస్తుంటే ఓదెమ్మ మెడనే చూసి తేల్చుకునేదాన్ని. ఆ పలక పోయిన చలికాలంలో పాడైంది. దాని విడిభాగం వానలు పడి దారి తెరిచాకే వస్తుంది.

మళ్లీ కాచాలి.

శనివారం

ఈసారి నీళ్లు మరిగించి గాలి పోగొట్టాను. రెండు సీసాలు నింపాను. నిన్న ఒకదాన్ని మామూలుగా పెట్టి రేడియేషన్ ఇచ్చాను. రెండోదాన్ని తల అటూ తోక ఇటూ తిప్పి పెట్టి ఇచ్చాను. తప్పు జెల్‌లో ఉంటే, సీసాను తిప్పినప్పుడు జరుగుడు కూడా దాంతో పాటే తిరగాలి.

తిరగలేదు. రెండు సీసాల్లోనూ ఆకారం ఎడమ గోడ వైపే జరిగింది. తిప్పి పెట్టినదాంట్లో ఇంకాస్త ఎక్కువ.

ఎమ్మారై బొమ్మలు పట్టుకుని డాక్టర్ నుస్రత్ దగ్గరికి వెళ్లాను. ఈ బాయిలో క్యాన్సర్ చూసేది ఆమె ఒక్కరే. టీ గ్లాసు పక్కన పెట్టి రెండు బొమ్మలనూ చాలాసేపు చూసింది.

"యంత్రం మంచిగనే ఉన్నదని ప్లానర్ అంటున్నది కదా?"

"యంత్రం తనను తాను చూసుకొని చెప్తున్నది డాక్టర్. గదిల ఏదో జరిగింది. ఏందో ఇంకా తెల్వలే."

"అయిదుగురు రోగులున్నరు నవనీతా. నడిమిట్ల ఆపితే గడ్డలు ఊరుకుంటయా? మళ్ల లేస్తయి. పంపుదామంటే దారి లేదు, పైన ఎండకు లారీ టైర్లే కరుగుతున్నయి." కాసేపు ఆగింది. "ఒక్క మాట చెప్పు. నీ ఇంటి మనిషైతే రేపు ఆ మంచం మీద పండబెడ్తవా?"

"పండబెట్ట."

"అయితే ఆపినం."

ఫోన్ తీసి అయిదుగురికీ తనే చెప్పింది. ఓదెమ్మతో మాత్రం, "మిషన్ జెర చూసుకుంటున్నరు, రెండు మూడు రోజులు," అని ఊరుకుంది. నేను పక్కనే ఉండి వింటూ ఏమీ అనలేదు.

ఆదివారం

యంత్రం తలకు బిగించే ఉక్కు సూది ఒకటుంది. దాని మొన ఎక్కడుంటే రేడియేషన్ నడిబొడ్డు అక్కడ. సూది బిగించి గది దీపాలు తీసేశాను. పచ్చని గీతలు మొన మీద కలవాల్సింది, దాని పక్కన గాలిలో కలుస్తున్నాయి.

రోజువారీ పరీక్ష దీన్ని ఎందుకు పట్టుకోలేదో అప్పుడు అర్థమైంది. లేజర్ల మీద కన్నేసి ఉంచే కెమెరా కూడా అదే గోడకు ఉంది. గోడ జరిగితే రెండూ కలిసే జరుగుతాయి. ఒకదానికి ఇంకొకటి సరిగ్గానే కనిపిస్తుంది.

లేజర్లు ఒక్కటే అయితే మరలు తిప్పి సరిచేసేదాన్ని. మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చి మంచం మీద పెట్టాను. బుడగ ఒక పక్కకు పోయింది. యంత్రం పీఠం మీద పెడితే ఇంకో పక్కకు పోయింది. ఆ రెండింటి పునాదులు వేరు. చెరో దిక్కుకు ఒరుగుతున్నాయి.

అంటే కదులుతున్నది యంత్రం కాదు. దాని కింది నేల.

సోమవారం

బాయి సర్వేయర్ సమ్మయ్యను పిలిచాను. కప్పు, గోడలు, స్తంభాలు అన్నీ ఆయన చూపులోనే ఉంటాయి. వచ్చి గోడ మీద అరచేత్తో నిమిరాడు. కప్పును కర్రతో కొట్టి విన్నాడు.

"మేడం, ఈ గది కట్టిందే గట్టి స్తంభాల నడుమ చూసి. సున్నం సుత పగుల్లే."

"రెండు మిల్లీమీటర్లకు సున్నం పగులుతదా అన్నా?"

"పగలదు." గోడ వైపు చూస్తూనే అన్నాడు. "గంత చిన్న కదలిక మా కొలత రాడ్లకు అందదు కూడ. బజార్ల, నడవలల్ల పెట్టిన. ఆస్పత్రిల మాత్రం పెట్టలే, కాంక్రీటు పోసిండ్రని."

"ఇప్పుడు పెట్టు. ఇక్కడ్నే కాదు, మా గది వెనుక చివరి వాడల కూడ."

ఆయనకు అది నచ్చలేదు. చివరి వాడలో అరవై ఇళ్లున్నాయి. రాడ్లు పెడుతుంటే జనం చూస్తారు, చూస్తే అడుగుతారు. అయినా పెట్టాడు. నేలకూ కప్పుకూ మధ్య ఒకటి, గోడకూ గోడకూ మధ్య ఒకటి. కొంచెం కదిలినా చూపే సన్నని మరలున్నవి వెతికి మరీ తెచ్చాడు.

గురువారం

ఓదెమ్మ మెడలో ఇప్పటికే ఎంత పడిందో తేల్చాలి. ఆమె తొడుగు కొలతలతో మెడ ఆకారంలో ఒక డబ్బా ఉంది. దాన్ని జెల్‌తో నింపి, ఆమెకు ఇచ్చినట్టే ఇచ్చాను. గది ఎప్పటి నుంచి జరుగుతోందో తెలియదు కాబట్టి మొదటి రోజు నుంచే ఇంత జరిగి ఉందని అనుకుని లెక్క వేశాను. ఇవాళ ఎమ్మారై చూశాను. గడ్డకు ఒక అంచున తక్కువ పడింది. వెన్నుపాముకు ఒక అంచున ఎక్కువ పడింది. హద్దు దాటలేదు. ఇంకో వారం అలాగే ఇచ్చి ఉంటే దాటేది.

నుస్రత్‌కు చూపించాను. "నేను చెప్పనా?" అంది. వద్దు, నేనే చెప్తానన్నాను.

ఇంజన్ గదికి వెళ్లాను. ఓదెమ్మ డ్యూటీ దిగి అన్నం తింటోంది. ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎన్ని రోజుల సంది గిట్లయితున్నది?"

"తెల్వదక్కా. అందుకే మొదటి రోజు సంది అనుకొని చూసిన. అట్ల చూసినా హద్దుల్నే ఉన్నది."

"నువ్వెప్పుడు పసిగట్టినవ్?"

"పోయిన బుధవారం అనుమానం వచ్చింది."

ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "బుధవారం సంది నేను కేజ్ నడుపుతనే ఉన్న. పొద్దుగాల బడి పిల్లలెక్కుతరు. నా చెయ్యి ఒక్క పారి తిమ్మిరెక్కితే ఏమైతదో నీకెర్కనా? మిషన్ చూసుకుంటున్నరని ఫోన్ చేసిండ్రు నాకు."

"కొలవకుండ చెప్తే ఉత్తగ భయపెట్టినట్టయితదని ఆగిన."

"భయం నాది. దాన్ని నువ్వు దాచిపెడ్తే ఎట్ల చెల్లె?"

తప్పయిందన్నాను. ఆమె చేయి కడుక్కుని, రెండు అరచేతులూ దీపం కింద పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచి చూసుకుంది. తరువాత నుస్రత్‌కు తనే ఫోన్ చేసింది. ఇక నుంచి డ్యూటీ ఎక్కే ముందు రోజూ తన చేతులు పరీక్షించాలని, పట్టు ఏ మాత్రం తగ్గినా తనను ఆ కుర్చీ ఎక్కనివ్వొద్దని చెప్పింది.

లేచి వస్తుంటే, "తిన్నవా నువ్వు?" అని అడిగింది. కోపంగానే.

శనివారం

సమ్మయ్య పొద్దున్నే నా గదికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేల పొంగుతున్నది మేడం."

కింద అయిదో లెవెల్ మా తాతల కాలంలోనే వదిలేసినది. అక్కడి పంపు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. నీళ్లు నిండాయి. బొగ్గు కింది బంకమట్టి నాని ఉబ్బుతోంది. ఆస్పత్రి గది కింద కొంచెం. చివరి వాడ కింద చాలా.

"వాడల కప్పుకు నేలకు నడుమ రాడ్డు నాలుగు రోజులల్లనే గోరు మందం దిగింది. నేల పైకి లేస్తే స్తంభాలు ఒరుగుతయి. స్తంభాలు ఒరిగితే కప్పు నిలువదు."

"ఎన్ని రోజులు?"

"చెప్పలేను. వారం కావొచ్చు, నెల కావొచ్చు. మీ గదికి ఇనుప దూలాలు పెడ్త, కొన్నాళ్లు ఆగుతది. వాడకు అన్ని దూలాలు నా కాడ లేవు."

సాయంత్రం బజారులో అందరినీ పిలిచారు. సమ్మయ్య చెప్పాడు, తరువాత నన్ను చెప్పమన్నారు. నేను సీసా చూపించి, తెల్లటి మచ్చ ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉందో చెప్పాను. చివరి వాడ వాళ్లు నెమ్మదిగానే విన్నారు, నమ్మలేదు. రెండో లెవెల్‌కు పొమ్మంటే అక్కడ ఉన్నవి పాత మేకల కొట్టాలు. గాలి తక్కువ, వేడి ఎక్కువ. చిన్న పిల్లలున్న ఇళ్లవి.

"గోడకు గీత సుత లేదు," అన్నాడొకాయన. "సీసల మరక చూసి ఇల్లు ఇడిచిపెట్టమంటరా?"

వెనుక నుంచి ఓదెమ్మ ముందుకు వచ్చింది. తొడుగు బిగించి బిగించి మెడ మీద పడిన జాలీ గుర్తులు దీపం వెలుగులో కనిపిస్తున్నాయి.

"ఆ సీసల ఉన్నది నా మెడ," అంది. "వారం సంది నా మెడ పక్కకు జరిగిందంటున్నరు. నా మెడ నా కాడ్నే ఉన్నది. మరి జరిగిందేంది? మీ గోడనే గద. మీ ఇండ్లది, ఆస్పత్రిది ఒక్కటే గోడ." అడిగినాయన వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల కేజ్ తీసుకొస్త. నీ సామాను ముందు ఎక్కిస్త. నీ పిల్లగాండ్లను నా చేతులతోటి మీదికి తీసుకపోత. వస్తవా రావా?"

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆయన భార్య ఒప్పుకుంది.

మంగళవారం

వాడ ఖాళీ అయింది. ఆదివారం పొద్దున మొదలుపెట్టి నిన్న సాయంత్రం దాకా కేజ్ ఆగలేదు. నుస్రత్ ఇంజన్ గదిలోనే కూర్చుంది. ప్రతి విరామానికీ ఓదెమ్మ చేత తన రెండు వేళ్లు పిండించుకుని చూసింది. పక్కన ఇంకో ఆపరేటర్‌ను సిద్ధంగా ఉంచారు. అతనికి పని పడలేదు.

ఇప్పుడు ఈ వైపు మిగిలినవాళ్లం ఆ అయిదుగురు రోగులు, నేను, ఒరుగుతున్న యంత్రం.

సమ్మయ్య మా గదికి దూలాలు పెట్టాడు. కప్పు కొన్నాళ్లు ఆగుతుందన్నాడు. నేల మాత్రం కదులుతూనే ఉంటుందన్నాడు. రోజూ ఎంత కదిలిందో ఆ రోజే తెలియాలి. తెల్లబడే జెల్ అయితే ఫలితానికి మర్నాటి దాకా ఆగాలి, ఆలోగా నేల మళ్లీ జరుగుతుంది.

అందుకని రంగు మారే జెల్ తీశాను. ఇనుప ఉప్పు, కాస్త రంగు కలిపి కాచేది. పసుపు పచ్చగా ఉంటుంది, రేడియేషన్ తగిలిన చోట అప్పటికప్పుడే ఊదా రంగుకు తిరుగుతుంది. దానికి ఎమ్మారై అక్కర్లేదు, చుట్టూ తిప్పుతూ వెలుతురు పంపి చదవొచ్చు. గీతలు అంత పదునుగా రావు, అందుకే ఇన్నాళ్లూ అలమరలో పెట్టి ఉంచాను.

పొద్దున్నే సీసాకు ఇస్తాను. ఎంత పక్కకు పడిందో చదువుతాను. మంచాన్ని అంత మేర ఎదురు జరిపి, రెండో సీసాకు ఇచ్చి చూస్తాను. ఊదా మచ్చ నడుమకు వస్తేనే నుస్రత్ రోగిని లోపలికి పిలుస్తుంది. ప్లానర్ ప్రతిసారీ, "మంచం నిర్ణీత స్థానంలో లేదు," అని హెచ్చరిస్తోంది. ప్రతిసారీ దాని నోరు నొక్కి ముందుకు పోతున్నాను.

ఇవాళ ఓదెమ్మ తిరిగి మొదలుపెట్టింది. ఆగిన రోజులకు నుస్రత్ మోతాదు కొంచెం సవరించింది. తొడుగు బిగించే ముందు ఓదెమ్మ నా చేయి పట్టుకుంది.

"ఇయ్యాల ఎంత?"

"మూడు మిల్లీమీటర్లు. సరిచేసిన. రెండోసారి చూసిన, నడుమనే పడ్డది."

"సరే," అని కళ్లు మూసుకుంది. ఆ మాట రోజూ చెప్పాలని అప్పుడే మా మధ్య ఒప్పందం కుదిరింది.

గురువారం, ఆ పై వారం

చివరి వాడ కూలింది.

మధ్యాహ్నం, పనివేళలోనే. మందులు కలుపుతుంటే ముందు గాలి వచ్చింది, చెవులు మూసుకుపోయాయి, తరువాత దూరంగా బరువైనదేదో పొర్లినట్టు చప్పుడు. దీపాలు ఆరి వెలిగాయి. మంచం మీద ఉన్న ముసలాయనను తొడుగు విప్పి కూర్చోబెట్టాం. ఆయన నీళ్లడిగాడు.

సమ్మయ్య వెళ్లి చూసి వచ్చాడు. ఒంటి నిండా దుమ్ము. వాడలో సగం ఇళ్లు లేవు. మనుషులెవరూ లేరు. ఒకామె రోకలి మర్చిపోయానని తిరిగి వెళ్తానంటే నిన్ననే వెనక్కి పంపానని చెప్పి, నడవలోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను.

"మీ గది కూడ వారం కంటె ఎక్కువ ఉంచను మేడం," అన్నాడు చివరికి. "ఇగ నన్ను అడగొద్దు."

నుస్రత్, నేను లెక్క చూసుకున్నాం. ఓదెమ్మకూ ఇంకో ఇద్దరికీ వారంలో పూర్తవుతుంది. ముసలాయనకు, అందరికంటే చివర మొదలుపెట్టిన పంతులమ్మకు పూర్తికాదు. వాళ్లిద్దరికీ ఏం చెప్పాలో ఈసారి ముందే అనుకున్నాం. ఇవాళే చెప్పాం. పంతులమ్మ ఏడ్చింది. ముసలాయన, "యంత్రాన్ని మీదికి తీసుకపోరా?" అని అడిగాడు.

అప్పటిదాకా ఆ మాట మాకు తట్టలేదు.

బుధవారం

ఓదెమ్మకు ఇవాళ ఆఖరిది. నేల ఆరు మిల్లీమీటర్లు ఒరిగింది. రెండు సీసాలు చాలలేదు, మూడోది వాడాను. మూడోదాంట్లో మచ్చ సరిగ్గా కూర్చుంది.

అయిపోయాక మంచం దిగి సీసా కావాలంది. రేపటికల్లా ఊదా రంగంతా పాకి కలిసిపోతుంది, చూడటానికి ఏమీ మిగలదన్నాను.

"ఇయ్యాల చూస్త," అంది.

దీపానికి ఎదురుగా పట్టుకుని తిప్పితిప్పి చూసింది. ఊదా రంగు నడుమ వంపు తిరిగి, ఒక పక్క పసుపు పచ్చని దారి వదిలింది.

"గీ పసుపుదేంది?"

"నీ వెన్నుపాము అక్కా. అక్కడ పడకుండ తప్పించినం."

సీసాను పైట కొంగులో చుట్టుకుని తీసుకుపోయింది.

ఆదివారం

యంత్రాన్ని విప్పేశాం. చేయి, పీఠం, మంచం ముక్కలు ముక్కలుగా రెండో లెవెల్‌కు చేరాయి. మిగిలింది తల. సీసం, టంగ్‌స్టన్ నిండిన తల. కేజ్ మోయగల బరువుకు అంచున ఉంది. లోపల రేడియేషన్ పుట్టించే గొట్టం గాజంత సున్నితం. ఒక్క కుదుపుకు పగులుతుంది. ఇంకోటి ఈ చుట్టుపక్కల ఏ బాయిలోనూ లేదు.

బాయి మేనేజర్ ఇంకో ఆపరేటర్‌ను కూర్చోబెడతానన్నాడు. మెడకు ఇంకా మంట తగ్గని మనిషి అని. ఓదెమ్మ ఆయనతో వాదించలేదు. నుస్రత్‌ను ఇంజన్ గదికి పిలిపించి, మేనేజర్ ముందే చేతుల పరీక్ష చేయించుకుంది. పట్టు, వేళ్ల కదలిక, సూది మొన తగిలితే తెలియడం. నుస్రత్ ఒక్కొక్కటీ రెండుసార్లు చూసి, "మంచిగున్నయి. నావి ఇంత మంచిగ లేవు," అంది. మేనేజర్ కుర్చీ ఖాళీ చేయించాడు.

నేను రెండో లెవెల్ వాకిట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. నా వెనుక ముసలాయన, పంతులమ్మ కూడా వచ్చి నిలబడ్డారు. రావొద్దన్నా వచ్చారు. కింద సమ్మయ్య తలను ట్రాలీతో కేజ్‌లోకి ఎక్కించి గంట కొట్టాడు. తాడు బిగుసుకుంది. కేజ్ పైకి కదిలిన సంగతి తాడు చూస్తే తెలియలేదు, తాడుకున్న సున్నం గుర్తు జరిగితేనే తెలిసింది.

చాలాసేపటికి కేజ్ నెత్తి కనిపించింది. తరువాత తల మీద కప్పిన దుప్పటి. వాకిలి గడపకు కాస్త కింద ఆగింది.

"ఎంత తక్కువున్నది?" ఫోన్‌లో ఓదెమ్మ గొంతు.

"రెండు వేళ్లంత."

"వేళ్లు గీళ్లు కాదు చెల్లె. కొలిచి చెప్పు."

మోకాళ్ల మీద కూర్చుని స్కేలు పెట్టాను. "ముప్పై నాలుగు మిల్లీమీటర్లు."

కేజ్ లేచింది. ఆగింది. మళ్లీ కొలిచాను. "నాలుగు." ఇంకోసారి లేచింది. ఈసారి లేవడం కంటికి ఆనలేదు. స్కేలు గడప మీద పెట్టి వేలితో తడిమాను. కేజ్ అంచు, గడప అంచు ఒకే మట్టానికి వచ్చాయి.

"సరిపోయింది అక్కా."

మనుషులు ట్రాలీని లాగారు. చక్రాలు చప్పుడు లేకుండా గడప దాటాయి. దుప్పటి తీసి గొట్టం చూశాను. బాగానే ఉంది. వెనక్కి తిరిగి తల ఊపాను. పంతులమ్మ ముసలాయన భుజం పట్టుకుంది.

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. అవతల ఓదెమ్మ ఊపిరి వదలడం వినిపించింది.

"దిగిందా?"

"దిగింది."

"అయితే తలుపెయ్యి. కింద సమ్మయ్య ఒక్కడే ఉన్నడు, తీసుకొస్త."